ఒక్క నానోవోల్ట్ తగ్గితే ఎవరికి లాభం? లో-నాయిస్ ఆప్-ఆంప్‌ల అసలు మార్కెట్ మన చెవుల దగ్గర లేదు

హెడ్‌ఫోన్ ఆంప్ గానీ, చిన్న డెస్క్‌టాప్ స్పీకర్ ఆంప్ గానీ రివ్యూ చేసిన ప్రతిసారీ మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "అన్నా, ఇందులో ఆప్-ఆంప్ ఏది?" వెంటనే రెండోది: "ఎన్‌ఈ5532 తీసేసి మంచిది పెట్టొచ్చా?" ఐయిమా ఏ07, ఫోసి ఆడియో వీ3 మోనో లాంటి ఆంప్‌లలో ఈ చిప్‌ని సాకెట్‌లో పెట్టే ఇస్తున్నారు కాబట్టి ఆ ప్రశ్నలో తప్పేం లేదు. సోల్డరింగ్ అక్కర్లేదు. పాత చిప్ పీకి, కొత్తది దిశ చూసుకుని గుచ్చితే పని అయిపోయింది. దీనికి 'ఆప్-ఆంప్ రోలింగ్' అని పేరు కూడా ఉంది.

చిప్ కంపెనీలు కూడా ఊరికే కూర్చోలేదు. తయారీ పద్ధతి, అంటే ప్రాసెస్, మెరుగుపడే కొద్దీ నాయిస్ ఇంకా తగ్గిన ఆప్-ఆంప్‌లు మార్కెట్లోకి వస్తూనే ఉన్నాయి. మరి ఇంత ఖర్చు పెట్టి తగ్గిస్తున్న ఆ నాయిస్‌కి డబ్బులు ఇచ్చేదెవరు? నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఈ చిప్‌లకి మంచి వ్యాపారం ఉంది. కానీ అది మన ఆంప్ సాకెట్‌లో లేదు. 'ఇంకా తక్కువ నాయిస్' అనే నంబర్‌లో కూడా లేదు. అదే నాయిస్‌ని తక్కువ కరెంట్‌తో, తక్కువ ధరలో ఇవ్వడంలో ఉంది.

ముందు ఆ నంబర్ సంగతి

ఆప్-ఆంప్ అంటే చిన్న సిగ్నల్‌ని పెద్దది చేసే చిప్. ఫెయిర్‌చైల్డ్ 1968లో తెచ్చిన 741ని ఇంజినీరింగ్ ల్యాబ్‌లో ముట్టుకోని ఈసీఈ స్టూడెంట్ ఉండడు. సిగ్నల్‌ని పెంచేటప్పుడు ప్రతి ఆప్-ఆంప్ తన వంతుగా కొంచెం 'సుస్స్' కలుపుతుంది. ఆ సుస్స్‌ని డేటాషీట్‌లో 'రూట్ హెర్ట్జ్‌కి ఇన్ని నానోవోల్టులు' అని రాస్తారు. నానోవోల్ట్ అంటే వోల్ట్‌లో వంద కోట్లవ వంతు. ఇక్కడి నుంచి సింపుల్‌గా నానోవోల్ట్ అనే రాస్తాను. నంబర్ ఎంత చిన్నదైతే చిప్ అంత నిశ్శబ్దం.

1970ల చివర్లో సిగ్నెటిక్స్ తెచ్చిన ఎన్‌ఈ5532 నాయిస్ 5 నానోవోల్టులు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఓపీఏ1612ది 1.1. అంటే ఐదో వంతు కంటే కొంచెం ఎక్కువ. పేపర్ మీద చూస్తే భారీ తేడా. ధరలో కూడా అంతే తేడా: ఒకటి పదుల రూపాయల్లో దొరుకుతుంది, రెండోది వందల్లో.

ఇప్పుడు ఒక చిన్న విషయం గుర్తుపెట్టుకోండి. నాయిస్ చేసేది చిప్ ఒక్కటే కాదు. ఏ రెసిస్టర్ అయినా, గది ఉష్ణోగ్రతలో ఊరికే పడి ఉన్నా నాయిస్ చేస్తుంది. వేడికి లోపలి ఎలక్ట్రాన్లు అటూ ఇటూ కదులుతుంటాయి కదా, దాని ఫలితం ఇది. 1 కిలో ఓమ్ రెసిస్టర్ నాయిస్ 4 నానోవోల్టులు. దాన్ని ఏ కంపెనీ, ఏ ప్రాసెస్ తగ్గించలేదు. అది ఫిజిక్స్.

లెక్క వేసి చూద్దాం

10 కిలో ఓమ్‌ల వాల్యూమ్ నాబ్ ఉన్న ఆంప్ తీసుకుందాం. సిగ్నల్ సగానికి తగ్గే చోట నాబ్ పెడితే, చిప్‌కి కనిపించే రెసిస్టెన్స్ సుమారు 2.5 కిలో ఓమ్‌లు. దాని సొంత నాయిస్ 6.4 నానోవోల్టులు. అంటే ఎన్‌ఈ5532 కంటే వాల్యూమ్ నాబే ఎక్కువ గోల చేస్తోంది!

నాయిస్‌లని మామూలుగా కూడకూడదు, వర్గాలు చేసి కూడి వర్గమూలం తీయాలి. పైగా ప్రతి చిప్ ఇన్‌పుట్ నుంచి కొంచెం కరెంట్ నాయిస్ కూడా వస్తుంది. అది ఆ 2.5 కిలో ఓమ్‌ల మీద పడి మళ్లీ వోల్టేజ్ నాయిస్‌గా మారుతుంది. అన్నీ కలిపితే ఎన్‌ఈ5532తో మొత్తం 8.3 నానోవోల్టులు. ఓపీఏ1612తో 7.8. డెసిబెల్స్‌లో తేడా సుమారు అర డెసిబెల్. ఐదు రెట్లు అనుకున్నది అర డెసిబెల్‌కి దిగిపోయింది. ఎందుకంటే ఓపీఏ1612 బైపోలార్ చిప్. వోల్టేజ్ నాయిస్ తగ్గించడానికి అది ఇన్‌పుట్ ట్రాన్సిస్టర్లలో ఎక్కువ కరెంట్ పారిస్తుంది, అందుకని కరెంట్ నాయిస్ పెరుగుతుంది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడమే.

ఇంకో లెక్క. ఎన్‌ఈ5532 వోల్టేజ్ నాయిస్ 5 నానోవోల్టులని 20 కిలోహెర్ట్జ్ ఆడియో రేంజ్ మొత్తానికి లెక్కేస్తే 0.7 మైక్రోవోల్ట్ వస్తుంది. ఒక డ్యాక్ ఇచ్చే 2 వోల్టుల పూర్తి సిగ్నల్‌తో పోలిస్తే అది 129 డెసిబెల్స్ కింద ఉంది. 16-బిట్ పాటకి థియరీ ప్రకారం దొరికే రేంజే 98 డెసిబెల్స్. అంటే నలభై ఏళ్లు దాటిన చిప్ దగ్గరే పాట కంటే 30 డెసిబెల్స్ ఎక్కువ నిశ్శబ్దం ఉంది. చాలా సెన్సిటివ్ ఇయర్‌ఫోన్‌లతో, ఎక్కువ గెయిన్ పెట్టిన ఆంప్‌లో ఈ మార్జిన్ తగ్గుతుంది, కాదనను. అప్పుడు కూడా చిప్ మార్చడం కంటే ముందు గెయిన్ తగ్గించడమే మందు.

ఇది కొత్తగా నేను కనిపెట్టిన లెక్క కాదు. 2011లో ఎన్‌డబ్ల్యూఏవీగై అనే మారుపేరుతో ఒక ఇంజినీర్ 'ఆబ్జెక్టివ్2' హెడ్‌ఫోన్ ఆంప్ డిజైన్‌ని అందరికీ ఫ్రీగా ఇచ్చేశాడు. అందులో వాడినవి ఎన్‌జేఎం2068, ఎన్‌జేఎం4556 అనే చవక జపాన్ చిప్‌లు. ఖరీదైన చిప్ పేరు చూసి కాకుండా కొలిచి చూసి ఎంచుకోవాలన్నదే ఆయన వాదన. ఆ ఆంప్‌ని ఇప్పటికీ జనం రిఫరెన్స్‌గా చెప్పుకుంటారు.

మరి ప్రాసెస్ ఏం మార్చింది?

ఇదంతా విని "అయితే కొత్త ప్రాసెస్‌లు దండగ" అనుకోకండి. అసలు మజా ఇక్కడే ఉంది.

తొలి తరం ఆప్-ఆంప్‌లలో 'పాప్‌కార్న్ నాయిస్' అనే జబ్బు ఉండేది. అవుట్‌పుట్ ఉన్నట్టుండి కొంచెం పైకి దూకి, కాసేపటికి కిందకి పడేది. స్పీకర్లో వింటే పేలాలు వేగుతున్నట్టు ఉండేది. కారణం సిలికాన్ క్రిస్టల్‌లో లోపాలు, తయారీలో కలిసే లోహపు మలినాలు. ఫ్యాక్టరీలు శుభ్రంగా మారే కొద్దీ అది దాదాపు పోయింది.

రెండోది 'ఫ్లికర్ నాయిస్'. ఫ్రీక్వెన్సీ తగ్గే కొద్దీ ఇది పెరుగుతుంది. సీమాస్ ట్రాన్సిస్టర్లలో కరెంట్ సిలికాన్ ఉపరితలం మీదుగా, ఆక్సైడ్ పొరని ఆనుకుని పారుతుంది. ఆ హద్దులో ఉన్న లోపాల్లో ఎలక్ట్రాన్లు చిక్కుకోవడం, మళ్లీ బయటపడటం వల్ల ఈ నాయిస్ పుడుతుంది. అందుకే చాలాకాలం పాటు "సీమాస్ చవక, కానీ లో-నాయిస్ పనికి రాదు" అనే మాట ఉండేది. ఆక్సైడ్ నాణ్యత పెరిగి, ఇన్‌పుట్ ట్రాన్సిస్టర్లు పెద్దవిగా, జాగ్రత్తగా గీయడం మొదలయ్యాక ఆ మాట పాతబడింది.

దానికి మంచి ఉదాహరణ టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల ఓపీఏ1656. ఇది సీమాస్ చిప్. 1 కిలోహెర్ట్జ్ దగ్గర నాయిస్ 4.3 నానోవోల్టులు. 1.1 ముందు ఇది పెద్ద నంబర్‌లా ఉంది కదా? కానీ దీని కరెంట్ నాయిస్ దాదాపు సున్నా. ఇందాకటి వాల్యూమ్ నాబ్ లెక్కలో దీన్ని పెడితే మొత్తం 7.7 నానోవోల్టులు వస్తుంది. అంటే 1.1 నానోవోల్ట్ చాంపియన్‌తో సమానం! స్పెక్ షీట్‌లో నాలుగు రెట్లు వెనకబడిన చిప్, అసలు సర్క్యూట్‌లో భుజం భుజం కలిపి నిలబడింది. ప్రాసెస్ గెలుపు అంటే నాకు ఇదీ.

ఇంకో ఉదాహరణ ఓపీఏ1692. నాయిస్ 4.2 నానోవోల్టులు, ఛానల్‌కి తీసుకునే కరెంట్ 0.65 మిల్లీయాంప్. ఎన్‌ఈ5532 ఛానల్‌కి 4 మిల్లీయాంప్‌లు తాగుతుంది. అంటే కొంచెం మెరుగైన నాయిస్, ఆరో వంతు కరెంట్. బ్యాటరీ మీద నడిచే వస్తువు చేసేవాడికి ఈ రెండో నంబరే ముఖ్యం.

ఫోన్‌లో తలుపు మూసుకుపోయింది

"అయితే ఇవి ఫోన్లలో, ఇయర్‌బడ్స్‌లో వస్తాయా?" అంటే, విడి చిప్‌గా రావడం కష్టం. ఓపీఏ1612, ఓపీఏ1656 పనిచేయడానికి కనీసం 4.5 వోల్టులు కావాలి. ఫోన్ బ్యాటరీ సుమారు 3.85 వోల్టులది. దాన్ని పెంచే సర్క్యూట్ వేరే పెట్టాలి, దానికి చోటు, ఖర్చు, అదనంగా దాని స్విచింగ్ నాయిస్. ఇయర్‌బడ్‌లో 50 మిల్లీయాంప్-అవర్ బ్యాటరీ ఉంటే, ఎన్‌ఈ5532 స్థాయిలో 8 మిల్లీయాంప్‌లు తాగే ఆప్-ఆంప్ ఒక్కటే దాన్ని ఆరు గంటల్లో ఖాళీ చేసేస్తుంది. ఇంకా బ్లూటూత్ ఆన్ చేయనే లేదు!

అందుకే ఫోన్లలో ఆంప్లిఫయర్ కోడెక్ చిప్ లోపలే కలిసిపోయింది. మంచి సౌండ్ కోసం ప్రత్యేకంగా ఖర్చు పెట్టిన ఫోన్లు కూడా వచ్చాయి. ఎల్‌జీ 2016లో వీ20తో క్వాడ్ డ్యాక్ అంటూ గట్టిగానే ప్రయత్నించింది. ఆడియో ప్రియులు మెచ్చుకున్నారు, మేమూ మెచ్చుకున్నాం. 2021లో ఎల్‌జీ ఫోన్ల వ్యాపారమే మానేసింది. దానికి కారణాలు చాలా ఉన్నాయి, ఆడియో ఒక్కటే కాదు. కానీ ఒకటి మాత్రం తేలింది: మంచి సౌండ్ ఒక్కటే ఫోన్‌ని నిలబెట్టలేదు. 2016లోనే ఐఫోన్ 7 నుంచి హెడ్‌ఫోన్ జాక్ పోయింది. మిగతా కంపెనీలు ఎటు వెళ్లాయో మనం చూశాం.

ఆడియో ప్రియులే కాపాడతారా?

వ్యతిరేక వాదన ఒకటుంది. "ఆడియోఫైల్స్ తక్కువమంది అయినా ఎంత ధరైనా పెడతారు కదా, ఆ మార్కెట్ చాలదా?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. న్యూ జపాన్ రేడియో (ఇప్పుడు నిషిన్‌బో మైక్రో డివైసెస్) తెచ్చిన మ్యూజెస్01 చూడండి. ఒక్క చిప్ వేల రూపాయలు. లోపల ఆక్సిజన్-ఫ్రీ రాగి లీడ్‌ఫ్రేమ్ వాడారు. మరి దాని నాయిస్ ఎంత? డేటాషీట్ ప్రకారం 9.5 నానోవోల్టులు. అంటే పదుల రూపాయల ఎన్‌ఈ5532 కంటే దాదాపు రెట్టింపు!

చిప్ చెడ్డదని కాదు నేననేది. దాని జేఫెట్ ఇన్‌పుట్‌కి వేరే లాభాలున్నాయి. నా పాయింట్ ఏంటంటే, ఆ ధర పెట్టి కొంటున్నవాళ్లు నాయిస్ తగ్గిందని కొనడం లేదు. పేరుకి, తయారీ వెనక ఉన్న కథకి, వినిపిస్తుందని నమ్మే 'రంగు'కి డబ్బులు ఇస్తున్నారు. కాబట్టి కొత్త ప్రాసెస్ మీద పెట్టిన కోట్లు ఈ దారిలో తిరిగి రావు. కథకి కొత్త ప్రాసెస్ అక్కర్లేదు.

పైగా ఈ మోజు నకిలీలకి తలుపు తీసింది. పాత చవక చిప్ మీద రాతలు చెరిపి, ఖరీదైన నంబర్ ముద్రించి అమ్మేవాళ్లు ఉన్నారు. నేను కూడా ఒకసారి ఆన్‌లైన్‌లో సగం ధరకి దొరికిందని రెండు చిప్‌లు తెప్పించుకుని, వారం రోజులు "అబ్బ, ఎంత క్లియర్‌గా ఉందో" అనుకుంటూ విన్నాను. తర్వాత అనుమానం వచ్చి మల్టీమీటర్‌తో సప్లై కరెంట్ కొలిస్తే డేటాషీట్‌కి పొంతనే లేదు. డబ్బులు పోయినందుకు కాదు, ఆ వారం రోజులు వినిపించిన 'క్లారిటీ' ఎక్కడి నుంచి వచ్చిందా అని ఎక్కువ సిగ్గేసింది.

మరి డబ్బు ఎక్కడుంది?

సిగ్నల్ పుట్టుకతోనే చిన్నగా ఉండే చోట. అక్కడ 1 నానోవోల్ట్‌కి నిజంగా విలువ ఉంది.

స్టూడియోలో వాడే డైనమిక్ మైక్ తీసుకోండి. దాని రెసిస్టెన్స్ సుమారు 200 ఓమ్‌లు, సొంత నాయిస్ 1.8 నానోవోల్టులు. ఇక్కడ ఎన్‌ఈ5532 పెడితే మొత్తం 5.3, ఓపీఏ1612 పెడితే 2.1. తేడా దాదాపు 8 డెసిబెల్స్. వాల్యూమ్ నాబ్ దగ్గర అర డెసిబెల్ తెచ్చిన చిప్పే ఇక్కడ ఎనిమిది తెచ్చింది. చిప్ మారలేదు, చోటు మారింది.

మైక్ ఒక్కటే కాదు. గుండె నుంచి వచ్చే ఈసీజీ సిగ్నల్ సుమారు 1 మిల్లీవోల్ట్. మెదడు నుంచి వచ్చే ఈఈజీ పదుల మైక్రోవోల్టులే. అవి నెమ్మదిగా మారే సిగ్నల్స్ కాబట్టి ఫ్లికర్ నాయిస్ సరిగ్గా వాటి మీదే పడుతుంది. సీమాస్‌లో ఫ్లికర్ తగ్గించడం, లేదా ఓపీఏ189 లాంటి జీరో-డ్రిఫ్ట్ చిప్‌లలో చేసినట్టు చాపింగ్ పద్ధతితో దాన్ని దాదాపు లేకుండా చేయడం అక్కడ అసలైన ఉపయోగం. త్రాసులు, భూకంప సెన్సర్లు, అల్ట్రాసౌండ్ మెషీన్లు, ల్యాబ్ పరికరాలు, 24-బిట్ ఏడీసీల ముందు ఉండే డ్రైవర్లు, అన్నీ ఈ లిస్టులోవే.

వ్యాపారం పరంగా వీటికి ఇంకో గుణం ఉంది. ఒక మెడికల్ పరికరంలో చిప్‌ని ఒకసారి డిజైన్ చేసి టెస్టులు, సర్టిఫికేషన్ పూర్తి చేశాక, ఇంకోటి 1 నానోవోల్ట్ మెరుగ్గా వచ్చిందని ఎవరూ మార్చరు. మళ్లీ పరీక్షలన్నీ చేయాలి. కొత్త చిప్‌కి ఇది అడ్డంకే, లోపలికి వెళ్లడానికి ఏళ్లు పడుతుంది. కానీ వెళ్లిందంటే పదేళ్లు, పదిహేనేళ్లు ఆర్డర్లు వస్తూనే ఉంటాయి. మన ఫోన్ ప్రాసెసర్ ఏడాదికే పాతబడిపోతుంది. ఎన్‌ఈ5532 నలభై ఏళ్లుగా అమ్ముడుపోతూనే ఉంది. ఇది టీ20 కాదు, టెస్ట్ మ్యాచ్.

ఖర్చు వైపు నుంచి చూసినా అంతే. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 2009లో అమెరికాలోని రిచర్డ్‌సన్‌లో 300 మిల్లీమీటర్ల వేఫర్ల మీద అనలాగ్ చిప్‌లు చేసే ఫ్యాక్టరీ తెరిచింది. 200 మిల్లీమీటర్ల వేఫర్‌తో పోలిస్తే దీని వైశాల్యం 2.25 రెట్లు. ఒక్కో వేఫర్‌కి చిప్‌లు అన్ని ఎక్కువ, చిప్ ఖర్చు అంత తక్కువ. ఎస్‌జీ మైక్రో, త్రీపీక్ లాంటి చైనా కంపెనీలు కూడా ఆప్-ఆంప్‌లు అమ్ముతున్న ఈ రోజుల్లో పోటీ నానోవోల్టుల్లో కంటే పైసల్లోనే ఎక్కువగా జరుగుతుంది.

ఒక రిస్క్ మాత్రం ఉంది. స్మార్ట్‌వాచ్‌లో ఈసీజీ, పల్స్ చూసే సర్క్యూట్ ఇప్పటికే ఒకే చిప్‌లో కలిసిపోయింది. అమ్మకాలు లక్షల్లో, కోట్లలో ఉండే వస్తువుల్లో విడి ఆప్-ఆంప్‌కి చోటు తగ్గుతూ పోతుంది. మంచి ప్రాసెస్ విలువ అప్పుడూ ఉంటుంది, కాకపోతే 'ఆప్-ఆంప్' అనే పేరుతో బిల్లులో కనిపించదు.

సో, మనం ఏం చేయాలి?

కొనేవాళ్లకి: ఆంప్ కొనేటప్పుడు చిప్ పేరు కాదు, మొత్తం ఆంప్ కొలతలు చూడండి. ఇయర్‌ఫోన్‌లో సుస్స్ వినిపిస్తే ముందు గెయిన్ తగ్గించండి, పవర్ అడాప్టర్ మార్చి చూడండి. చిప్ మార్చాలనే సరదా ఉంటే మార్చుకోండి, నేర్చుకోవడానికి అది మంచి దారే. కానీ అధీకృత డిస్ట్రిబ్యూటర్ దగ్గరే కొనండి. ఆంప్ ధరలో సగం ఒక్క చిప్ మీద పెట్టకండి. ఆ డబ్బుతో మంచి ఇయర్‌ఫోన్ వస్తుంది, తేడా మొదటి పాటలోనే తెలుస్తుంది.

ఈసీఈ చదువుతున్నవాళ్లకి: మన కాలేజీల్లో వీఎల్‌ఎస్‌ఐ అనగానే అందరూ డిజిటల్ వెరిఫికేషన్ వైపే పరిగెడుతున్నారు. వెళ్లండి, తప్పు లేదు. కానీ అనలాగ్‌ని '741తో ఒక ల్యాబ్' అని వదిలేయకండి. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1985 నుంచి బెంగళూరులో ఉంది. మొహాలీలోని ప్రభుత్వ సెమీకండక్టర్ లేబొరేటరీలో 180 నానోమీటర్ల సీమాస్ ప్రాసెస్ ఉంది. ఫోన్ ప్రాసెసర్‌కి అది పాతది గానీ, అనలాగ్‌కి అంత పాతదేం కాదు. 2020లో గూగుల్, స్కైవాటర్ కలిసి 130 నానోమీటర్ల ప్రాసెస్ వివరాలని ఓపెన్‌గా ఇచ్చేశాయి. ఎల్‌టీస్పైస్ ఫ్రీ. ఈ ఆర్టికల్‌లో నేను వేసిన లెక్కలన్నీ మీ ల్యాప్‌టాప్‌లో ఒక సాయంత్రంలో చేసి చూసుకోవచ్చు. నాది తప్పని తేలితే ఇంకా సంతోషం.

నా అంచనా ఇది: రాబోయే ఐదేళ్లలో 1 నానోవోల్ట్ రికార్డుని ఎవరు బద్దలు కొట్టారన్నది పెద్ద వార్త కాదు. 4 నానోవోల్టుల చిప్‌ని ఇంకా తక్కువ కరెంట్‌తో, 3 వోల్టుల మీద, ఎన్‌ఈ5532 ధరకి ఎవరు ఇస్తారన్నదే వార్త. అలాంటిది వచ్చిన రోజు, "అన్నా, ఇందులో ఆప్-ఆంప్ ఏది?" అని మీరు అడిగితే నేను కూడా ఉత్సాహంగా డబ్బా విప్పుతాను. అప్పటిదాకా ఆ సాకెట్‌లో ఉన్న పాత చిప్‌ని అలాగే ఉండనివ్వండి. దాని పని అది బాగానే చేస్తోంది.